మగ్గం గుంటలో నీళ్లు

తాతయ్యకి ఎడమ చెవి వినపడేది కాదు. సైన్యంలో ఫిరంగుల బండి నడిపిన రోజుల్లో పోయిందని చెప్పేవాడు. అంతకుమించి ఆ రోజుల గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. తిరిగొచ్చాక ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాన్ కట్టలు అమ్మే కొట్టు పెట్టి నలభై ఏళ్లు నడిపాడు. చుట్టూ గ్రీజు, ఇనప రజను. ఆయన బూట్లు మాత్రం రోజూ పాలిష్‌తో మెరుస్తుండేవి.

నాకు విజయవాడలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు భవానీపురంలో తాతయ్య ఇంట్లోనే దిగాను. అప్పటికి అమ్మమ్మ పోయి రెండేళ్లు. ఆ తర్వాత ఏడేళ్లపాటు ఆ ఇంట్లో మేమిద్దరమే. రానురాను ఆయనకి కుడి చెవి కూడా మందగించింది. డ్రైవర్లు ఒకటడిగితే ఇంకోటి తీసిచ్చేవాడు. ఒకరోజు కొట్టులో ఎవరో నవ్వారట. ఆ వారంలోనే తన దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న మేస్త్రికి కొట్టు అప్పజెప్పేశాడు. అయినా రోజూ పొద్దున తొమ్మిదింటికల్లా బూట్లు వేసుకుని, బస్సెక్కి ఆటోనగర్ వెళ్లేవాడు. కొట్టుకి ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు.

"లోపలికెళ్లి కూర్చోవచ్చుగా తాతయ్యా," అన్నానొకసారి.

"వెళ్తే అందరూ లేచి నిలబడతారమ్మా. పని ఆగిపోతుంది."

ఏడాదికోసారి చలికాలంలో మాత్రం ఎక్కడికో వెళ్లి సాయంత్రానికి వచ్చేవాడు. ఎక్కడికో చెప్పేవాడు కాదు. మోకాళ్లు పట్టేశాక, ఒక్కడే అంత దూరం ప్రయాణం చేయలేక, ఒక ఏడు నన్ను తోడు రమ్మన్నాడు.

చల్లపల్లి దాటాక ఒక చిన్న ఊళ్లో దిగాం. రేకుల ఇంటి వసారాలో ఒక పెద్దావిడ రాట్నం మీద నూలు చుడుతోంది. తాతయ్యని చూసి లేచి, "రండి అన్నయ్యగారూ," అని పీట వేసింది. ఆవిడ భర్త సైన్యంలో తాతయ్య స్నేహితుడు, నేతగాళ్ల కొడుకు. పెళ్లయిన రెండో ఏడే సరిహద్దులో మంచు చరియ విరిగిపడి పోయాడు. పిల్లలు లేరు. ఆవిడ అత్తమామల్ని చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. వాళ్లూ పోయాక ఒక్కతే.

ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తాతయ్య తలొంచుకుని కూర్చున్నాడు. ఆవిడ మజ్జిగిచ్చింది. మేం బయల్దేరుతుండగా తాతయ్యకి కుడిపక్కగా వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఇన్నేళ్లూ అడగలేదు. మా ఆయనకి రాయడం రాదు, సైన్యం నుంచి వచ్చిన ఆ ఉత్తరాలు మీ చేత్తో రాసినవని నాకు తెలుసు. మాటలు కూడా మీవేనా?"

తాతయ్య తడుముకోలేదు. "లేదమ్మా. వాడు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. అన్నీ వాడివే."

ఆవిడ సరేనన్నట్టు తలూపింది.

తిరుగుబస్సులో తాతయ్య చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అన్నాడు: "అబద్ధం చెప్పాను."

వినపడనివాళ్లు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడుతున్నాడు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆపమని అనలేకపోయాను.

"వాడు చెప్పేది ఒకటే. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చాయేమో అడుగు అనేవాడు. ఎండాకాలంలో కూడా అదే. కొత్త పెళ్లానికి రాసే మాటేనట్రా అంటే నవ్వేవాడు. మిగతాదంతా నేనే కల్పించాను. వెన్నెలనీ, నిన్ను తలుచుకుంటే చలి తెలియడం లేదనీ. వాడి ముక్క చివర్లో ఒక లైనులో పడేసేవాణ్ణి. నాకప్పటికి పెళ్లి కాలేదు. రాసుకోవడానికి నాకెవరూ లేరు," అన్నాడు. "మళ్లీ పెళ్లి చేస్తామని వాళ్ల అన్నలొస్తే వద్దందట. నా మాటలు పట్టుకునే ఇలా ఉండిపోయిందేమో."

మరుసటి చలికాలానికి తాతయ్య లేడు. వానాకాలంలో ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఒక బూటు విప్పి ఉంది. రెండోదాని లేసు వదులు చేసి ఉంది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

కర్మకాండలు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. అమ్మ కూడా ఏలూరు వెళ్లిపోయింది. నన్ను వేరే ఇల్లు చూసుకోమన్నారు గానీ నేను కదల్లేదు. ల్యాబ్‌లో నాతో పనిచేసేవాళ్లు, "ఎందుకలా అరుస్తావు, మాకు వినపడుతోంది," అనేవాళ్లు. ఏడేళ్లుగా అలా మాట్లాడుతున్నానని నాకే తెలియదు. ఇంటికొస్తే మాట్లాడే అవసరమే ఉండేది కాదు. కొన్ని ఆదివారాలు సాయంత్రం దాకా నోట్లోంచి ఒక్క మాట వచ్చేది కాదు.

ఆవిడకి కబురు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోను లేదు. ఒక ఆదివారం నేనే వెళ్లాను.

నేనొక్కదాన్నే రావడం చూసి ఆవిడ రాట్నం ఆపింది. నేను చెప్పే పని లేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నాకు పీట వేసి, కింద కూర్చుంది. దాచి ఏం ప్రయోజనమని, "తాతయ్య మీతో ఒక అబద్ధం చెప్పాడు మామ్మగారూ," అన్నాను.

"ఉత్తరాల సంగతా? నాకు తెలుసు తల్లీ. మా ఆయన రెండు మాటలు కలిపి మాట్లాడగా నేను వినలేదు. వెన్నెల గురించి ఆయనేం చెబుతాడు?"

"మరి ఎందుకడిగారు?"

"నాతో చెప్పేస్తే ఆయన మనసు తేలికపడుతుందని. వచ్చినప్పుడల్లా నేరం చేసినవాడిలా కూర్చునేవారు. అడిగినా చెప్పలేదు."

ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లింది. గదిలో నేల మీద చెక్కలు పరిచి ఉన్నాయి. వాటి కింద, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట ఉందని చూపించింది. మగ్గం ఎప్పుడో తీసేశారు.

"వానొస్తే ఈ గుంట నిండిపోయేది. నీళ్లొస్తే నేత లేదు, నేత లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నేను అన్నం తింటున్నానా అని అడగడం ఆయనకి అలాగే వచ్చు. నేను ఉత్తరం కిందనుంచి చదివేదాన్ని. ముందు ఆ చివరి లైను. తర్వాత ఓపికుంటే పైది."

"తన మాటల వల్లే మీరు మళ్లీ పెళ్లి చేసుకోలేదని తాతయ్య అనుకున్నాడు."

"అయ్యో," అంది నెమ్మదిగా. "మామగారికి చూపు తగ్గింది. వదిలి ఎలా పోతాను? ఉండాలనిపించింది, ఉన్నాను. అన్నయ్యగారికి దాంతో ఏం సంబంధం?"

సాయంత్రం బస్సు కరకట్ట మీదుగా వస్తుంటే ఆ మాటే నా మనసులో తిరుగుతూ ఉంది. తాతయ్య అన్నేళ్లు మోసిన బరువులో ఆవిడకి సంబంధించింది ఏమీ లేదు. ఆ సంగతి వినాల్సిన మనిషి ఒక్కడే, ఆయన లేడు. మిగతావాళ్లెవరికీ అలాంటి బరువొకటి ఉందనే తెలియదు.

విజయవాడలో దిగాక అమ్మకి ఫోన్ చేశాను. పొద్దుట్నుంచీ ఎక్కడున్నావని అడిగింది. చల్లపల్లి వైపు వెళ్లానన్నాను.

"అక్కడ మనకెవరున్నారే?"

అంతా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "ఉన్నారమ్మా, ఒకావిడ," అన్నాను.