రమణ చెయ్యి చూపించలేదు

మిర్చి కోతలు సాగుతున్న రోజులు. తెల్లవారగానే నేనూ మా తోటికోడలు రమణా క్రోసూరు నుంచి అచ్చంపేట వెళ్ళే రోడ్డు మీద నడకకు బయలుదేరాం. నాకు షుగరు. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పింది. రమణకు ఏ జబ్బూ లేదు. నన్ను ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక తోడు వచ్చేది. కొన్నాళ్ళ ముందు ఆ రోడ్డు మీదే బండి మీద వచ్చిన ఇద్దరు ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. అప్పటి నుంచి మేం గొలుసులు ఇంట్లో పెట్టి పసుపుతాళ్ళతోనే వెళ్ళేవాళ్ళం. వెనక బండి చప్పుడైతే రోడ్డు దిగి నిలబడేవాళ్ళం. మనుషులకు అంత భయపడ్డాం కానీ కుక్కల సంగతి ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు మా మీద పడిన కుక్క మొరగలేదు. చేలోంచి వచ్చి నా ఎడమ పిక్క పట్టుకుంది. విదిలించినా వదలకపోయేసరికి కింద పడిపోయాను. రమణ పారిపోలేదు. కర్ర కోసం, రాయి కోసం వెతకలేదు. వట్టి చేతులతో దాని మెడ పట్టి వెనక్కి లాగింది. అది నన్ను వదిలి, ఆమె మీదికి ఒకసారి తిరిగి, మళ్ళీ చేలోకి పోయింది.

పక్క పొలంలో మోటారు నడుస్తోంది. రమణ నన్ను అక్కడికి నడిపించి, కాపలా ఉన్న ముసలాయన దగ్గర బట్టల సబ్బు అడిగి తీసుకుని, నా కాలు చాలాసేపు కడిగింది. అప్పుడే ఆమె కుడిచేతి బొటనవేలి దగ్గర సన్నటి గీత, దాని మీద రెండు నెత్తురు చుక్కలు చూశాను.

“నీక్కూడా తగిలింది రమణా.”

“గీరుకుంది అక్కా, అంతే. ముందు నీ కాలు చూసుకో.”

మా ఊరి ఆసుపత్రిలో నర్సు గాయం చూసి “ఇది కేటగిరీ త్రీ, లోతుగా దిగిన కాటు” అంది. మొదటి టీకా వేసి, గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయించుకోవాలని పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ గాయం చుట్టూ సూది గుచ్చుతుంటే రమణ ఎడమచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. డాక్టరు రాసుకుంటూ అడిగాడు.

“ఆ కుక్క ఇంకెవరినైనా కరిచిందా?”

“లేదండీ,” అంది రమణ. కుడిచెయ్యి కొంగులో ఉంది.

నాకు తెలుసు. కానీ నొప్పితో ఉన్నాను, త్వరగా ఇంటికి పోతే చాలనిపించింది. నేను నోరు విప్పలేదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

రెండు రోజులకు ఆ కుక్క కాలవ గట్టు మీద చచ్చి పడి ఉందని మా ఆయన చెప్పాడు. నేను రమణ ఇంటికి వెళ్ళాను.

“ఒకసారి చూపించుకో రమణా.”

“పసరు పోయించుకున్నాగా అక్కా. పథ్యం కూడా చేస్తన్నా. ఇప్పుడు సూదులేయించుకుని, చెయ్యి వాస్తే కాయ ఎట్టా కొయ్యను? కోతలు కానీ, చూద్దాం.”

నేను మళ్ళీ అడగలేదు. మిగతా డోసులకు ప్రతిసారీ రమణే నాకు తోడు వచ్చింది. నా చీటీ పట్టుకుని వరండాలో బల్ల మీద కూర్చునేది. మందు ఉన్న ఫ్రిజ్ ఆమెకు పది అడుగుల దూరంలో ఉండేది.

షుగరు వల్ల నా గాయం చీము పట్టింది. “షుగరు తగ్గకపోతే కాలికే ముప్పు” అని డాక్టరు కోప్పడింది. నెలన్నర డ్రెస్సింగ్. చాలా రోజులు ఆ కట్టు మార్చింది కూడా రమణే, పనికి వెళ్ళే ముందు వచ్చి. పుండు మానింది. ఇద్దరం వాకిట్లో మెల్లగా నడవడం మొదలుపెట్టాం.

అప్పుడు ఒకరోజు ఆమె బొటనవేలు రుద్దుకుంటూ, “చెయ్యి జివ్వుమంటంది అక్కా, చీమలు పాకినట్టు” అంది. కోతల వల్లేననుకున్నాం. మర్నాడు జ్వరం. మూడో రోజు పొద్దున టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని విసిరికొట్టింది.

“ఏందో అక్కా, మింగుదామంటే గొంతు పట్టేస్తంది. ఆ ఫ్యాను ఆపు, గాలి పడట్లా నాకు.”

ఎండాకాలం. ఫ్యాను ఆపి నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

అప్పటికప్పుడు ఆమెను గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, “ఈమెను కుక్క ఏమైనా కరిచిందా?” అని అడిగాడు. ఆమె మొగుడు, మా మరిది శీను లేదన్నాడు. నేను కరిచిందన్నాను.

“ఎన్ని ఇంజెక్షన్లు వేయించారు?”

“ఒక్కటీ వేయించలేదు,” అన్నాను.

“రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మేం చెయ్యగలిగింది లేదమ్మా. బాధ తెలియకుండా మందులిస్తాం.”

ఆమెను వేరే గదిలో ఉంచారు. లోపలికి వెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలన్నారు. నాకు టీకాలన్నీ పడ్డాయి కాబట్టి నేను కూర్చుంటానన్నాను. ఆమె కాదనుకున్న మందు నాకు పనికొచ్చి, నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టింది. గ్లౌజులు వేసుకుని ఆ చెయ్యి పట్టుకున్నాను. కాసేపు ఒళ్ళంతా బిగుసుకుపోయేది, కాసేపు మామూలు మనిషిలా మాట్లాడేది.

“నీ కాలు మానిందిగా అక్కా?”

“మానింది.”

“మరింకేంది,” అని కళ్ళు మూసుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆ తరువాత చాలా నెలలు నేను గడప దాటలేదు. షుగరు పెరిగింది. శీను నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరోజు మాత్రం వచ్చి అడిగాడు.

“వదినా, ఆ రోజు డాక్టరు ఇంకెవరినైనా కరిచిందా అని అడగలేదా?”

“అడిగాడు. రమణ లేదంది. నాకు తెలిసి కూడా చెప్పలేదయ్యా.”

లేచి వెళ్ళిపోయాడు. రెండు నెలలు మా ఇంటికి రాలేదు. తరువాత ఒక పొద్దున కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. “ఒక్కదానివే పోమాక వదినా. నేనొస్తా” అన్నాడు.

ఇప్పుడు రోజూ నడుస్తున్నాం. అతను నాలుగడుగులు ముందు నడుస్తాడు. మా మధ్య మాటలు తక్కువ. రమణ పేరు ఇద్దరం ఎత్తం. నా షుగరు అదుపులోకి వచ్చింది. కాలి మీద మచ్చ ఉంది.

కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో పావుగంట కడగాలని, టీకాలు ఒక్కటి కూడా మానకూడదని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. విడిపించడానికి వెళ్ళినవాళ్ళ ఒంటి మీద కూడా చూడండి. వాళ్ళు ఏమీ లేదంటారు. నమ్మకండి. కొంగు తీసి, ఆ చెయ్యి మీరే పట్టుకుని డాక్టరు ముందు పెట్టండి.