ఎర్ర కోటు వేసుకున్న రోజు

అది 1984. ఫ్రీమాంట్‌లో రైలు పట్టాల పక్కనే ఉన్న ఒక ఎలిమెంటరీ స్కూల్లో నాది యార్డ్ డ్యూటీ ఉద్యోగం. యార్డ్ డ్యూటీ అంటే మధ్యాహ్నం భోజనాల దగ్గరా, రిసెస్‌లో ఆటల దగ్గరా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం. మెడలో విజిల్, నోట్లో లెక్క. ఎంతమంది బయటికి వెళ్లారో అంతమందీ లోపలికి రావాలి. నేను చదివింది ఐదో తరగతే అయినా ఆ లెక్కకి అది చాలు. మా అమ్మాయి ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరాను. చీర మీద స్వెట్టర్ వేసుకుని నేను మధ్యలో నిలబడితే పరుగెత్తే పిల్లలు నడిచేవారు. సగం కొరికిన యాపిల్ చెత్తబుట్టలో వేయబోయిన చెయ్యి నన్ను చూసి ఆగిపోయేది. తిట్టనవసరం లేదు, చూపు చాలు. దానికి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా మనవరాలు సుధ అదే స్కూల్లో ఐదో గ్రేడ్. వాళ్ల టీచర్ మిసెస్ హార్లన్. ఆవిడ ఆ నెలలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఎందుకు వచ్చిందో చెబుతోంది. చెప్పడం కూడా పుస్తకం తెరిచి కాదు. వారం రోజులు క్లాసు ఒక వలస రాజ్యం, ఆవిడ ఇంగ్లండు రాజు. ఈ సంగతి పిల్లలకు శుక్రవారం దాకా చెప్పదు. సోమవారం ఒక్కొక్కరికీ గుప్పెడు రాజ్మా గింజలిచ్చి, పెన్సిల్ చెక్కుకుంటే ఒక గింజ, మంచినీళ్లకు లేస్తే రెండు గింజలు పన్ను వేసింది. కోపంతో కొందరు గింజలు నేలకేసి కొట్టారట. సాయంత్రం వాటిని ఏరి, కడిగి ఇంటికి తీసుకెళ్లింది నేనే.

బుధవారం ఆవిడ లంచ్ రూమ్‌కి వచ్చింది. చేతిలో ఇత్తడి బొత్తాలున్న ఎర్ర కోటు, ఆ కాలపు ఇంగ్లండు సైనికులు వేసుకునేలాంటిది. స్కూల్లో అందరిలాగే ఆవిడా నన్ను గ్రాండ్‌మా అనేది.

"గ్రాండ్‌మా, ఆ రోజుల్లో రాజుగారి మనుషులు ఎవరి ఇంట్లోకైనా చొరబడి సోదా చేసేవాళ్లు. నువ్వు వచ్చి పిల్లల డెస్కులు సోదా చెయ్యాలి."

"నేనెందుకు?"

"నీ ముఖం చూస్తే నాకే భయం వేస్తుంది" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

చెప్పిన పని సగం సగం చేసే అలవాటు నాకు లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి విజిల్ ఊదాను. ఎవరితోనూ మాట్లాడలేదు. డెస్కు మూతలెత్తి, కనబడ్డవన్నీ చేతిలో ఉన్న అట్టపెట్టెలో వేసుకుంటూ పోయాను. పిల్లలు "దిస్ ఈజ్ నాట్ ఫెయిర్!" అని అరుస్తున్నారు. సుధ నన్ను చూసి గుడ్లెర్రజేసింది. మిసెస్ హార్లన్ బల్ల వెనకాల సంతోషంగా తల ఊపుతోంది.

చివరి వరసలో పరీసా అనే పిల్ల కూర్చుంది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి తల్లితో ఆ వేసవిలోనే వచ్చింది. ఇంగ్లీషు మాటలు పది కూడా రావు. దాని డెస్కులో గళ్ల గుడ్డలో చుట్టిన చిన్న మూట. విప్పాను. ఒక మగమనిషి ఫొటో. అది కూడా పెట్టెలో పడేశాను. ఆ పిల్ల అరవలేదు. నా కోటు మీది ఇత్తడి బొత్తాల వంక చూస్తూ, రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది.

అప్పుడైనా నేను ఆగాలి. మూలనున్న డెస్కు ఇంకొకటి మిగిలింది కదా అని అటు నడిచాను.

రిసెస్ అయిపోయింది. లైన్లో ఇరవై ఎనిమిది మంది ఉండాలి. ఇరవై ఏడుగురున్నారు. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఏడే.

సుధ లైన్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, పరీసా లేదు. వై డిడ్ యూ టేక్ దట్ ఫొటో? అది తన డాడీ!"

"డాడీ అయితే ఏమైంది? ఇచ్చేస్తాంగా."

"యూ డోంట్ అండర్‌స్టాండ్! అక్కడ సోల్జర్స్ వాళ్ల ఇంట్లోకి వచ్చారు. అన్నీ వెతికారు. డాడీని తీసుకెళ్లిపోయారు. ఇంకా రాలేదు. నాకు డ్రాయింగ్ వేసి చూపించింది."

వెనక గేటు పాల ట్రక్కు కోసం తెరిచి ఉంది. గేటు దాటితే పట్టాలు. ప్రిన్సిపాల్ అటు పరుగెత్తాడు. మిసెస్ హార్లన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "గ్రాండ్‌మా, తప్పు నాది" అంటూనే ఆవిడా పరుగెత్తింది. దూరంగా రైలు కూత వినబడింది. గూడ్సుబండి. నేను గేటు దాకా వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్క పెట్టే పోతుంటే లెక్కపెట్టాను. బండి అంతా పోయాక, అవతల ప్రిన్సిపాల్ లేదన్నట్టు చేతులు ఊపాడు. అక్కడ లేదని తెలిసి కూడా కమ్మీ వదల్లేదు. లేకపోతే మరెక్కడ?

అప్పుడు నా ఒంటి మీద ఇంకా ఆ కోటే ఉందని చూసుకున్నాను.

అప్పటికి నలభై రెండేళ్ల కిందట, నాకు పన్నెండేళ్లప్పుడు, స్వాతంత్ర్య ఉద్యమంలో తిరుగుతున్న మా అన్న కోసం తెల్లదొరల పోలీసులు మా ఇంటికి వచ్చారు. తలుపు తట్టలేదు. తోసుకుని వచ్చారు. నేను గాదెలోకి దిగి, వడ్లలో మెడదాకా కూరుకుని కూర్చున్నాను. బయట సామాన్లు విసిరేస్తున్న చప్పుడు. వాళ్లు వెళ్లిపోయాక అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచినా పలకలేదు. ఆ తర్వాత నాన్న నన్ను గడప దాటనివ్వలేదు. నా చదువు అక్కడితో సరి. ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు, సుధకు కూడా. అలాంటి నేను ఆ రోజు విజిల్ ఊదుకుంటూ తలుపు తోసుకుని వెళ్లాను.

భయపడ్డ పిల్ల బయటికి పరుగెత్తదు. లోపలికి పోతుంది. చీకటిగా, ఇరుకుగా, తిండి వాసన వచ్చే చోటికి పోతుంది.

కోటు తీసి గేటు దగ్గరే పడేసి, క్లాసులో పెట్టెలోంచి ఆ ఫొటో తీసుకుని లంచ్ రూమ్‌కి వెళ్లాను. అక్కడ పిల్లలు నాటకాలు వేసే వేదిక కింద మడత బల్లలు దాచే అర ఉంది. దాని తలుపు వేలెడంత తెరిచి ఉంది. లోపల ఊపిరి వినబడింది. చెయ్యి పెట్టి లాగబోయి ఆగాను. నేల మీద కూర్చున్నాను. చెక్క మీద రెండుసార్లు తట్టాను.

నాకు ఇంగ్లీషు తోచలేదు. "అమ్మా, నేను ఒక్కదాన్నే. కోటు లేదు" అని తెలుగులోనే చెప్పాను. మళ్లీ తట్టాను. ఫొటోని తలుపు సందులోంచి లోపలికి జరిపాను. మూడోసారి తట్టాక లోపలి నుంచి చిన్నగా రెండు దెబ్బలు వినబడ్డాయి.

బయటికి వచ్చాక నా ఒంటి మీద కోటు లేదని రెండు చేతులతో తడిమి చూసుకుంది. ఆ తర్వాత వణకడం మొదలుపెట్టింది. నేనూ వణుకుతున్నాను. ఎవరిది ఎవరికి అంటిందో తెలియదు.

మిసెస్ హార్లన్ మర్నాడే ఆట ఆపి, నిజం చెప్పి, పరీసా తల్లిని పిలిచి, తల్లీకూతుళ్లిద్దరి ముందూ తప్పు ఒప్పుకుంది. యుద్ధానికి కారణాలు బోర్డు మీద రాయించింది. పన్నులు, పన్నులు వేసే సభలో తమ మాట లేకపోవడం, సోదాలు. పిల్లలు నోట్ బుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. మూడో కారణం నాకు బోర్డు చూడకుండానే తెలుసు.

ఆ స్కూల్లో ఇంకో నాలుగేళ్లు పనిచేశాను. నా కటువుతనం తగ్గలేదు, యాపిల్ పారేస్తే అదే చూపు. కానీ ఏ పిల్ల సంచీ ముట్టుకోవాలన్నా, ఏ డెస్కు మూత ఎత్తాలన్నా ముందు వేలి కణుపులతో రెండుసార్లు తట్టేదాన్ని. ఈ ముసలావిడకి పిచ్చి అని పిల్లలు ముసిముసిగా నవ్వేవారు.

పరీసా నవ్వేది కాదు. నేను తట్టగానే చేతిలో పని ఆపి, నా చేతులు ఒకసారి చూసి, "కమ్ ఇన్" అనేది.