చేపల ల్యాబ్‌లో వాము వాసన

పోర్ట్ బ్లెయిర్‌లో చేపలను పరీక్షించే ల్యాబ్‌లో నేను కెమిస్టుగా చేరేనాటికే వెనక గది సగం నిండి ఉంది. అన్నీ వాడేసిన ద్రావకాల డబ్బాలు. మాకు ఎక్కువగా వచ్చేది సూర చేప, అదే ట్యూనా. పట్టిన వెంటనే మంచులో పెట్టకపోతే దాని మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. అది తింటే ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. వండినా పోదు. దాన్ని కొలవాలంటే మెషీన్ గుండా ఎసిటోనైట్రైల్ అనే ఘాటైన ద్రావకం పారుతూ ఉండాలి. వాడేశాక దాన్ని ఇక్కడ పారబోసే వీల్లేదు, చుట్టూ సముద్రం. ఓడెక్కించి మెయిన్‌ల్యాండ్‌కు పంపాలి. ఓడవాళ్లేమో ఏదో ఒక కారణం చెప్పి వాయిదా వేసేవారు.

ఒక వానాకాలంలో ఆ గది తలుపు పడనంతగా నిండిపోయింది. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన మా ఇన్‌చార్జి మేడమ్ నన్ను పిలిచారు.

"ఇంకో డబ్బాకు చోటు లేదమ్మా. కొన్నాళ్లు పరీక్షలు ఆపేద్దామా?"

"ఆపేస్తే బోట్లవాళ్ల సరుకు ఆగిపోద్ది మేడమ్. తక్కువ ద్రావకంతో చేసే పద్ధతులున్నాయంట. నేను కోషిష్ చేస్తా."

"చెయ్యి. కానీ పాత పద్ధతిలో ఎంత వస్తే ఇందులోనూ అంతే రావాలి."

వెతగ్గా వెతగ్గా ఒక పరిశోధనా వ్యాసం దొరికింది. మెంథాల్, థైమాల్ కలిపితే రెండూ కరిగి ద్రవమవుతాయి. ఆ ద్రవం కొన్ని చుక్కలు చాలు, చేప రసంలోంచి హిస్టమిన్ లాంటి పదార్థాలను లాగేస్తుంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. అవి పుదీనా పువ్వు, వాము పువ్వు. ఈ ఊళ్లోనే ఆస్టినాబాద్‌లో ఉన్న మా ఇంట్లో అమ్మ వాటికి కర్పూరం చేర్చి సీసాలో ఊపి, కడుపునొప్పికి మందు చేస్తుంది. పలుకులన్నీ పొయ్యి మీద పెట్టకుండానే నీరైపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అదీ కెమిస్ట్రీయేనని ఎప్పుడూ తట్టలేదు.

శుద్ధమైన సరుకు తెప్పించి మొదలుపెట్టాను. చుక్కలు చక్కగా పైకి తేలాయి కానీ, వాటిలో హిస్టమిన్ జాడే లేదు. అది నీళ్లను వదిలి రావడం లేదు. వారాల తరబడి అదే వరస. ఇక మానేద్దామనుకుంటుండగా మేడమ్ వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"హిస్టమిన్ మెషీన్‌కు కనపడాలని చివర్లో ఒక రియేజెంట్ కలుపుతాం కదా, దాన్ని ముందే కలిపి చూడు. అది అతుక్కుంటే హిస్టమిన్‌కు నీళ్ల మీద మోజు తగ్గుతుందేమో."

ఆ మధ్యాహ్నమే అలా చేశాం. స్క్రీన్ మీద గీత మెల్లగా లేచి, నిటారుగా శిఖరంలా నిలబడింది. అదే చేప ముక్కను పాత పద్ధతిలోనూ పరీక్షిస్తే రెండు ఫలితాలూ దాదాపు కలిశాయి. మేడమ్ నా వీపు మీద ఒక్కటి చరిచారు. తర్వాత మెషీన్‌లో ఎసిటోనైట్రైల్ బదులు ఇథనాల్ పెట్టాం. అది చిక్కన కాబట్టి ప్రవాహం తగ్గించాల్సి వచ్చింది. పరీక్ష కాస్త నిదానించింది, అంతే.

అంతకుముందు రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆ ద్రావకం ఘాటుకు నాకు తల పగిలిపోయేది. ఇప్పుడా బాధ లేదు. ఒక రోజు గుమ్మంలోనే అమ్మ నా చున్నీ వాసన చూసి నిలదీసింది.

"ఏటే, ఆఫీసులో అందరికీ కడుపులో నొప్పా? రోజూ వాము కంపుతోటి వొస్తన్నావు!"

"కాదమ్మా, నీ మందుతోటే సేపల్ని పరీక్ష సేస్తన్నాం."

"సేపకి మందేటే, పాగల్!" అని, నేను చెప్పిందంతా విని, పక్కింటి దీదీకి ఆ కథ తన ధోరణిలో చెప్పొచ్చింది.

నిబంధనల ప్రకారం బయటికిచ్చే రిపోర్టులకు ఇంకా పాత పద్ధతే వాడాలి. కానీ ముందు అన్నిటినీ కొత్త పద్ధతిలో చూసి, రిపోర్టు అవసరమైనవాటినీ, అనుమానమున్నవాటినీ మాత్రమే పాత పద్ధతికి పంపుతున్నాం. డబ్బాలు నిండడం బాగా తగ్గింది.

మొన్న ఆదివారం మేడమ్ భోజనానికి వచ్చారు. అమ్మ సూర చేప పులుసు పెట్టింది. వడ్డిస్తూ, "దీన్ని పరీక్ష సెయ్యకండానే వొండీసినానమ్మా" అంది కాస్త బెరుగ్గా.

"పొద్దున్న జెట్టీలో మంచులోంచి తీసింది నేనే కదమ్మా" అన్నాను.

మేడమ్ అప్పటికే రెండోసారి అన్నం కలుపుకుంటున్నారు.