నేను తర్జుమా చేయని ప్రశ్న

ఏలూరులో మా మిషన్ బడికి ఏటా చలికాలంలో విదేశాల నుంచి ఓ జంట వచ్చేది. నెల రోజులుండి హైస్కూలు పిల్లలకి బైబిల్ కథలతో నీతి పాఠాలు చెప్పేవారు. వాళ్ళకి తెలుగు రాదు, పిల్లలకి వాళ్ళ ఇంగ్లీషు అందదు. మధ్యలో తర్జుమాకి నేను. సోషల్ టీచర్ని, నోరున్నదాన్ని, పైగా పాస్టరుగారి కూతుర్ని. పాత అలవాటు పోక మేమింకా ఆ జంటలో ఆవిడ్ని దొరసానిగారనే పిలిచేవాళ్ళం. మంచి మనిషి. మా ఎండకి ముఖం కందిపోయినా నవ్వు చెదిరేది కాదు. ఎప్పుడూ నిజమే చెప్పాలంటూ నవ్వే ఆ నవ్వు చూస్తే ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది. నిజం చెప్పడం ఆవిడ ఊళ్ళో అంత సులువు కాబోలు అనుకునేదాన్ని.

ఆ ఏడు పాఠం, కోడి కూసేలోగా తన గురువైన ప్రభువుని మూడుసార్లు ఎరగనన్న శిష్యుడి గురించి. అయ్యాక ఓ పదో తరగతి పిల్ల లేచింది. కొల్లేటికోట దగ్గర లంక ఊరు, మా హాస్టల్లో చదువు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశాక వాళ్ళ నాన్నకి పని పోయింది. ఎస్సీ సర్టిఫికెట్ చేతికొస్తే గురుకుల కాలేజీలో సీటు, తిండీ బసా అన్నీ ఊరికే. రాకపోతే చదువు అక్కడితో సరి.

క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ కింద లెక్క రాదు, బీసీల్లో వేసేస్తారు. అందుకని ఆదివారం చర్చికెళ్ళే మాలో చాలామందిమి కాగితాల్లో హిందువులం. నేను బీఈడీ చదివిందీ ఆ కాగితం మీదే. రాయించింది మా నాన్నే, పాస్టరుగారే.

“బాప్తిస్మం తీసుకుని కూడా, సర్టిఫికెట్ కోసం హిందువులమని చెప్తే, అది కూడా ఆయన్ని ఎరగనన్నట్టేనాండీ?” అనడిగిందా పిల్ల.

దొరసానిగారు నా వంక చూశారు. ఇదంతా ఆవిడకి చెబితే, మరి మీ సంగతేమిటని అడగదూ? వార్డెన్ తిడుతుందని చిన్న తప్పు దాచితే పాపమా అని అడుగుతోందండీ, అని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ ముఖం విప్పారింది. పిల్ల చేతులు పట్టుకుని, ఎంత నష్టమొచ్చినా నిజమే చెప్పు తల్లీ, మిగతాది దేవుడు చూసుకుంటాడు అన్నారు. ఆ మాట మాత్రం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. ప్రశ్న మార్చినదాన్ని, జవాబు మార్చలేకపోయానా? సిగ్గులేనిదాన్ని.

వేసవిలో ఆ పిల్ల తల్లి మా ఇంటికొచ్చింది. సర్టిఫికెట్ ఎంక్వయిరీకి రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్ఐ గారు వస్తున్నారని గోడ మీది సిలువ కేలండర్ తీసి, పక్కింటి నుంచి వెంకన్నబాబు కేలండర్ తెచ్చి తగిలించిందట. మా పేటల్లో అందరూ చేసేదే, వచ్చేవాళ్ళకీ తెలిసిందే. ఏ మతమమ్మా అని ఆయన మాటవరసకి అడిగితే, పిల్ల ముందుకొచ్చి, క్రైస్తవులమండి అందట.

“ఆయన మంచోడేనండీ. నేను వినలేదనుకుంటానమ్మా, మళ్ళీ చెప్పు అన్నాడండీ. మళ్ళీ అదే చెప్పిందండీ. పక్కన నలుగురున్నారాయె, ఆయన మాత్రం ఏం చేస్తాడండీ, రాసుకెళ్ళిపోయాడు. ఎందుకలా అన్నావే అని కొడితే, దొరసానిగారు చెప్పారంటదండీ. నిజమేనాండీ టీచరుగారూ? ఆవిడ అంత మాట అన్నారాండీ?”

“అన్నారమ్మా” అన్నాను. అబద్ధమైతే కాదు.

సీటు రాలేదు. వానలు మొదలయ్యాక నేనే వెళ్ళాను, అసలు సంగతి చెప్పేద్దామని. ఆ పిల్ల రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళ వరసలో కూర్చుని తలలు తీస్తోంది. ఐసులో నాని వేళ్ళు పాలిపోయాయి. నన్ను చూసి లేచి చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను నోరు తెరిచేలోగా తనే అంది.

“టీచరుగారూ, దొరసానిగారికి ఉత్తరం రాస్తే, నేను భయపడలేదని రాయండీ.”

రాస్తానమ్మా అని వచ్చేశాను. ఆ పిల్లకి మిగిలిన ఒక్క ధైర్యాన్నీ లాగేయడం ఇష్టంలేక ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఆ పిల్ల ముందు నిలబడి నిజం చెప్పడానికి నాకు భయమేసింది.