మా అత్త దరఖాస్తులో ఒక గడి

దరఖాస్తులు నింపడంలో నన్ను మించినవాడు లేడని నాకొక గర్వం. పులివెందులలో బడిపంతులుగా పనిచేస్తున్నాను. వీధిలో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ గర్వమంతా జమ్మలమడుగులో మా అత్త పొయ్యి ముందర దిగిపోయింది.

అత్త మా నాయనకు అక్క. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు తట్టి, ఊళ్లో రెండు మెస్సులకు పంపుతుంది. ఆమె రొట్టె అంచు పగలదు, చల్లారినా మెత్తగా మడతపడుతుంది. ఎక్కడ రొట్టె తిన్నా నేను దాన్ని అత్త రొట్టెతో పోల్చి వంక పెడతాను. అలాంటి మనిషికి పోయినేడు మణికట్లు పట్టేశాయి. చేత్తో తట్టడం మానమన్నాడు డాక్టరు. అయినా నొప్పితోనే తడుతోంది. రొట్టెలు ఒత్తే మిషను కొంటేనే పని నిలుస్తుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ వస్తేనే మిషను కొనగలదు.

నేనే రంగంలోకి దిగాను. కొటేషన్ కోసం ప్రొద్దుటూరు పోతే, ధర ఎక్కువ వేసి రాస్తే సబ్సిడీ కూడా పెరుగుతుందని మిషన్ల అంగడాయన కన్ను గీటాడు. అత్తకు ఫోన్ చేశాను. "ఉండేది ఉన్నట్టు రాయించుకోని రారా. రేపు ఎవరన్నా అడిగితే నేను తల యాడ పెట్టుకోవాల?" అంది. నేనైతే ఒప్పుకునేవాణ్ణే. ఆమె మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఆన్‌లైన్‌లో నింపుతుంటే 'ఈ పనిలో అనుభవం' అనే గడి వచ్చింది.

"అనుభవమేందిరా అబ్బీ? ఇంట్లో రొట్టెలు కాల్చేదానికి గూడా అనుభవమా? లేదని రాయి" అంది అత్త. నాకు బస్సు టైమైంది. లేదని టైపు చేసి పంపేశాను.

కొన్నాళ్లకు, తనిఖీకి ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే మావాళ్లు ఊరుకుంటారా! అత్త ముందురోజే పొయ్యి కడిగి, పెనం, పిండి డబ్బాలు అటకెక్కించి, వసారాలో కొత్త దుప్పటి పరిచింది. నేను చేరేసరికి ఇల్లు పెళ్లిచూపులకు సిద్ధమైనట్టుంది.

"ఆ మసంతా చూస్తే ఆయప్ప ఏమనుకుంటాడు?" అంది. తల కొట్టుకుందామనుకునే లోపలే ఆయన గడపలోకి వచ్చేశాడు.

ఆఫీసరు ఇల్లంతా చూశాడు. చేతిలోని దరఖాస్తు ప్రింటు చూశాడు. "ఏందమ్మా, ఈడ పని జరుగుతాండే గుర్తే లేదు. అనుభవం గూడా లేదని రాసినారు. నేనేమని రాసుకోని పోవాల?"

ఏదో చెప్పబోయాను.

ఆలోపే అత్త లేచింది. కొంగు దోపి, స్టూలెక్కి పెనం, పిండి డబ్బా దించింది. పొయ్యి వెలిగించి, వేడినీళ్లతో పిండి పిసికి, ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టింది. అరచెయ్యి పడినప్పుడల్లా నొప్పికి పళ్లు బిగుసుకుంటున్నాయి. రొట్టె మాత్రం గుండ్రంగా పెరుగుతూనే ఉంది. పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు రాసి తిప్పింది. రొట్టె పొంగింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసరు ఫోన్ తీసి ఆ చేతులకు ఫోటో తీసుకున్నాడు.

"ఎప్పటినుంచి చేస్తాండావమ్మా?"

"తొమ్మిదేండ్లప్పుడు మా అమ్మ పీటేసి కూర్చోబెట్టింది సారూ. ఇప్పుడు యాభై ఆరు."

నేను రాసిన 'లేదు'ను ఆయన కొట్టేసి, పక్కన నలభై ఏడేళ్లు అని రాసి, సంతకం పెట్టి ఆమెకు చూపించాడు. రెండు నెలలకు సబ్సిడీ వచ్చింది, మిషనూ వచ్చింది. ఆ తర్వాత మెస్సులకు ఒక్కరోజు కూడా రొట్టె ఆగలేదు.

కానీ ఆ రోజు ఆఫీసరు పోయాక అత్త పొయ్యి దగ్గరే కూర్చుంది. "నలభై ఏడేండ్లు చేసినానా నేను?" అని తనలో తాను అనుకుని, నావైపు తిరిగింది. "మరి లేదని ఎట్ల రాసినావురా?"

రాయమన్నది ఆమే. కానీ ఊహ తెలిసినప్పటినుంచీ ఆ రొట్టెలు తిన్నవాణ్ణి నేను.