శాలువా కింద చేతులు

ఆ రోజు ప్రేక్షకుల వరుసలో కూర్చోగానే బాపు చేతులు రెండూ శాలువా కింద పెట్టించాను. బయటికి తీస్తే ఊరుకోనని కళ్లతోనే చెప్పాను. పరాయి దేశం, ఒళ్లు కొరికే చలి. చూసేవాళ్లు ముసలాయనకు చలేస్తోందనుకుని ఉంటారు. నా భయం మాత్రం ఆ చేతుల గురించే.

మా బాపు తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, జోల్వాలో మరమగ్గాల మీదే బతుకంతా గడిపాడు. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి మాట వినబడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. దారం తెగింది, చాయ్ వచ్చింది, సేఠ్ వస్తున్నాడు, అన్నింటికీ సైగలున్నాయి. చెవులు సగానికి పైగా పోయాక బాపుకు ఇంట్లో కూడా అదే భాష అయింది. అన్నంలో ఉప్పు తక్కువైందని కూడా చేత్తోనే తిట్టేవాడు.

మా చెల్లె బరిలోకి దిగిన గుర్రపు స్వారీ పోటీలో బయటి నుంచి ఎవరూ సాయం చేయకూడదు. సైగ చేసినా, మాట అందించినా పోటీ నుంచి తీసేస్తారు. కోచ్ ఈ సంగతి మాకు హిందీలో చెప్పి చెప్పి అలిసిపోయాడు. చివరికి బాపును ఓసారి ఎగాదిగా చూసి, "అంకుల్ చేతులు నువ్వు పట్టుకో" అని నాకు అప్పజెప్పాడు.

చెల్లెకు పుట్టుకతోనే కండరాల జబ్బు. కాళ్లు చిన్నప్పుడే పోయాయి. మా పేట పక్కనే నవాగామ్ వెనక, పెళ్లి ఊరేగింపులకు ఆడగుర్రాలను కిరాయికిచ్చే ఒకాయన ఉండేవాడు. ఆయన ఒకరోజు సరదాకు దాన్ని గుర్రం మీద కూర్చోబెడితే, దిగనని ఏడ్చింది. కింద ఉంటే ఎవరో ఒకరు మోయాల్సిన పిల్ల, పైన కూర్చుంటే అందరికంటే ఎత్తు. నేనైనా దిగేదాన్ని కాదు. అక్కడి నుంచి ప్రపంచ పోటీల దాకా ఎలా వచ్చిందంటే, సగం దాని మొండితనం, సగం నా నడుం నొప్పి. జీను మీదికి ఎత్తడం, కాళ్లకు పట్టీలు సర్దడం, దింపడం అన్నీ నేనే.

ఆ ఏడాది జబ్బు చేతుల్లోకి దిగింది. ఇంక ఎక్కువ కాలం కళ్లెం పట్టుకోలేదని డాక్టర్ చెప్పేశాడు. పతకం మాట మేమెవరం ఎత్తలేదు. ఆ పోటీలో రౌతు మైదానం మధ్యకు వచ్చి న్యాయనిర్ణేతలకు సెల్యూట్ చేసి మొదలుపెట్టాలి, గుర్రాన్ని చెప్పిన వరుసలో నడిపించి, మళ్లీ సెల్యూట్ చేసి ముగించాలి. చెల్లె నన్ను అడిగింది ఒక్కటే.

"ఆఖరి సెల్యూట్ దాక పోవాలె అక్కా. గంతే."

అరువు గుర్రం, గోధుమ రంగుది, బుద్ధిమంతురాలు. చెల్లె మొదటి సెల్యూట్ చేసింది. అంతమంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెక్కడా చూడలేదు. మేముండే డిండోలిలో చావింట్లో కూడా ఇంతకంటే సందడి ఉంటుంది. గుర్రం గుండ్రంగా తిరిగింది, మలుపు తీసుకుంది. సగం దాటాక చెల్లె నడుము అలిసి, ఒళ్లు ఎడమకు ఒరగడం మొదలైంది. శాలువా కింద బాపు చేతులు కదిలాయి. నేను గట్టిగా అదిమి పట్టుకున్నాను. చేతులు ఆగాయి.

అప్పుడు బాపు తనలో తాను అనుకుంటున్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"ఎడమకు ఒరుగుతున్నవ్ బిడ్డా. జర సక్కగ కూసో."

నెమ్మదిగా అన్నది ఆయన లెక్కలో. మగ్గాల మధ్య ముసలిదైన గొంతుకు నెమ్మది అంటే ఏమిటో ఎవరు చెప్పాలి? మైదానం ఆ చివర దాకా వినబడింది. చెల్లె వెంటనే సర్దుకుని కూర్చుంది. పుట్టినప్పటి నుంచి ఆ గొంతు చెప్పినట్టు విన్న పిల్ల కదా, ఆలోచించుకునే లోపే ఒళ్లు వినేసింది. గంట మోగింది. పోటీ నుంచి తీసేశారు.

గుర్రం మీంచి దింపుతుంటే నా మెడ మీద చెల్లె ఊపిరి వేడిగా తగిలింది. ఏడవలేదు.

"బాపుకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. గుర్రం కుంటుతుందని ఆపిన్రని చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మీద, గంట కొట్టిన వాళ్ల మీద, ఆ పాడు నిశ్శబ్దం మీద. అయినా పోయి, అది చెప్పమన్న అబద్ధాన్నే ఆయన చెవిలో అరిచి చెప్పాను.

"కుంటి గుర్రాన్ని అంటగట్టిన్రా నా బిడ్డకు?" అన్నాడు. తర్వాత శాలువా తీసి చేతులు రెండూ నాకు చూపించాడు. "నేనైతే చెయ్యి కదపలే. నోరు గూడ తెరువలే."

అవునన్నట్టు తలాడించాను.

డిండోలికి వచ్చాక ఆ గుర్రాన్ని ఆయన తిట్టని రోజు లేదు. చాయ్ బండి దగ్గర కూర్చున్న వాళ్లందరికీ అది కుంటిదని తెలుసు. పాపం, ఆ రోజు ఆ మైదానంలో ఏ తప్పూ చేయనిది అదొక్కటే.

ఇప్పుడు చెల్లె చెయ్యి నోటి దాకా రాదు. పొద్దున పూట బాపే తినిపిస్తాడు. మొన్న ముద్ద కలుపుతూ, నేను వాకిట్లో ఉన్నానని చూసుకుని, రహస్యం చెప్పడానికి దాని చెవి దగ్గరికి వంగాడు.

"అక్కకు చెప్పకు బిడ్డా. మంచి గుర్రం దొరికితే నిన్ను మళ్ల ఎక్కిస్త."

గల్లీ అంతా విన్నది. బట్టలు ఆరేస్తున్న ఎదురింటామె చెయ్యి ఆగిపోయింది.

చెల్లె నోట్లో ముద్ద మింగి, ఆయనకు వినబడేట్టు గట్టిగా, "సరే బాపు" అంది.