సొట్టబుగ్గ మొహం

మొహాలక్క బొటనవేళ్లు మట్టిలోంచి చెంపలు తీస్తున్నాయి. సైకిళ్లు బాగుచేసే షాపు మీద గది అది. కింద ఎవరో వంకర పోయిన చక్రాన్ని సుత్తితో సరిచేస్తుంటే ఆ దెబ్బ దెబ్బకీ కిటికీ రెక్క అదురుతోంది. పీట మీద చెక్కపలక, పలక మీద మట్టిముద్ద. ముద్దలోంచి అప్పటికే నుదురు, ముక్కు బయటికొచ్చాయి.

ఎదురుగా చాప మీద ఇద్దరు ఆడవాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పని వాళ్లది. ఒకామె దుప్పట్లు మడతపెట్టే పెద్దమ్మ. రెండోది ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గరి పిల్ల. ఆమె కుడి చేతికి వేళ్ల నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. ఇప్పుడామెకు అక్కడ పని లేదు, చెయ్యి కాలిన వారానికే తీసేశారు.

"ముక్కు అంత సూదిగా ఉండదమ్మా, కొస కాస్త గుండ్రం" అంది పెద్దమ్మ.

వేళ్లు కొసను గుండ్రం చేశాయి.

"అయితే అందగాడేనన్నమాట" అంది మొహాలక్క.

"అందగాడే, అదే మా ఖర్మ. కాస్త వికారంగా ఉండుంటే ముందే జాగ్రత్తపడేవాళ్లం."

ఇస్త్రీ పిల్ల కళ్లు తెరవకుండానే నవ్వింది.

ఇలా కళ్లు మూసుకుని చెప్పడం, మొహాలక్క ముసుగులు చేసిచ్చే వీధి నాటక బృందం పద్ధతి. ఎవరి కష్టం మీద నాటకం కడతారో వాళ్లే వచ్చి, తమను కాల్చుకు తిన్నవాడి మొహం ఎలా ఉంటుందో చెప్పాలి. పేరు మాత్రం నోట రాకూడదు. ఒకప్పుడు ఎవరో నోరు జారి పేరు చెబితే, తెల్లారేసరికి అది ఆ పేరుగలవాడి చెవిన పడి, చెప్పినామె కూడు పోయింది. అప్పట్నుంచి పేరుకు తాళం వేశారు. మొహం మాత్రం ఎంతైనా చెప్పుకోవచ్చు. అంతా అయ్యాక కళ్లు తెరిచి మట్టిని చూసి 'వీడే' అనాలి. ఆ మాట పడ్డాక ఆ మొహాన్ని మార్చే హక్కు ఎవరికీ ఉండదు, చేసిన మనిషికి కూడా.

"నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడుతుంది" అంది ఇస్త్రీ పిల్ల.

మొహాలక్క బొటనవేలు బుగ్గ మీదికి వెళ్లింది. నొక్కింది. అక్కడ ఆగిపోయింది.

ఆ వేలికి ఆ చోటు తెలుసు. పసివాడు నోరు తెరవనని మొరాయిస్తే సరిగ్గా అక్కడే నొక్కి ముద్ద పెట్టేది. మట్టి మీద ఆ నుదురు, ఆ ముక్కు, ఆ చెంపల వాలు. ఇంతసేపూ చేస్తూనే ఉంది గాని చూడలేదు. ఇప్పుడు చూసింది.

"పడిందా అక్కా సొట్ట?"

"పడింది."

"ఇంకా లోతుండాలి" అంది పెద్దమ్మ. "ఇంకో మాట. ఏదైనా చెప్పబోయే ముందు కింది పెదవి పంటికింద పెట్టుకుంటాడు. అది చూశామంటే ఆ పూట ఎవరికో మూడిందనే లెక్క."

"నన్ను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అతనే" అంది పిల్ల. "ఈ ఎడం చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇలాగే పెదవి పంటికింద పెట్టుకుని, 'ఇంట్లో వేడినీళ్లు ఒలికాయని చెప్పమ్మా, అప్పుడే నీ ఉద్యోగం ఉంటుంది' అన్నాడు. అంత మెల్లగా ఎవరూ చెప్పలేదు నాకు. నమ్మాను. అలాగే చెప్పాను. అలాగే రాసుకున్నారు. ఇప్పుడు లాండ్రీ వాళ్లు, ఇంట్లో కాల్చుకున్నదానికి మాకేం సంబంధం అంటున్నారు."

మొహాలక్క పెదవి తీర్చింది. మోకాలు పీటకు గట్టిగా అదిమిపెట్టి తీర్చింది.

ఇద్దరూ కళ్లు తెరిచారు. పిల్ల గభాలున వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"వీడే" అంది పెద్దమ్మ.

"వీడే" అంది పిల్ల.

వాళ్లు మెట్లు దిగి వెళ్లాక మొహాలక్క పలకను కిటికీ వెలుగుకి తిప్పింది. ఆ మొహం ఆమె తమ్ముడిది.

ఆ తమ్ముణ్ణి పెంచింది ఆమే. తల్లి పోయేనాటికి వాడికి మాటలు రాలేదు, ఆమెకు జడ వేసుకోవడం సరిగ్గా రాదు. తండ్రి ఓడల మీద పనికెళ్లి, ముందు డబ్బు పంపి, తర్వాత ఉత్తరాలు పంపి, ఆ తర్వాత ఏదీ పంపలేదు. బట్టల షాపులకు బొమ్మల తలలు చేసే కొట్లో చేరింది. నేర్పినవాళ్లెవరూ లేరు. చెడగొట్టి నేర్చుకుంది. మూతి వంకరపోయిన తలలు యజమాని తీసుకోకపోతే ఇంటికి తెచ్చుకునేది. వాటితోనే తమ్ముడు ఆడుకునేవాడు. వాటికి పాఠాలు చెప్పేవాడు, ఆమెలా గదమాయించేవాడు. వాడి చదువు కోసం ఆమె పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఎత్తిన పిన్నితో, "నాకో కొడుకున్నాడు, ఇంకొకణ్ణి సాకే ఓపిక లేదు" అంది.

ఒకరోజు వానలో నానిపోయిన కాగితపు ముసుగు పట్టుకుని ఒకాయన ఆమె పనిచేసే కొట్టుకి వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి, సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకుని, వీధి నాటకాల బృందం పెట్టుకున్న మనిషి. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంది. నాటకం మొదలవ్వాలంటే ఈల, ఆగాలంటే ఈల. 'సాయంత్రం నాటకం ఉంది, దీన్నేమైనా చెయ్యగలవా అమ్మాయ్' అన్నాడు. ఆమె దాన్ని అవతల పారేసి కొత్తది చేసిచ్చింది. అప్పట్నుంచి ఈ గదే ఆమె లోకం. బడి అయ్యాక తమ్ముడు ఇక్కడికే వచ్చి ఈ చాప మీదే పడి నిద్రపోయేవాడు. పెద్దయ్యాక రావడం మానేశాడు. లాండ్రీలో సూపర్వైజర్ అయ్యాక, తన అక్క వీధి నాటకాలకు ముసుగులు చేస్తుందని అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పోనీలే అనుకుంది.

ఇప్పుడు పోనీలే అనడానికి నోరు రాలేదు.

కండక్టర్ మెట్లెక్కి వచ్చి మట్టిని చూశాడు. మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

"అమ్మాయ్, ఇది..."

"వీడే అన్నారు బాబాయ్. ఇద్దరూ అన్నారు."

ఆయన పక్కన కూలబడ్డాడు. "ముక్కు కొంచెం మార్చు. మట్టి పగిలింది, మళ్లీ అతికానని నేను చెబుతాను వాళ్లకి."

మొహాలక్క ఒళ్లు భగ్గుమంది. "ఎన్నాళ్లయింది నువ్వీ నియమం పెట్టి? డిపో మేనేజరు మొహం చేసినప్పుడు ఆయన పెళ్లాం వచ్చి కాళ్లమీద పడితే మార్చావా? నీళ్ల ట్యాంకరు వాడి తల్లి ఏడిస్తే మార్చావా? ఊళ్లోవాళ్ల తమ్ముళ్లకి ఒక న్యాయం, మనింటి తమ్ముడికి ఒక న్యాయమా?"

"నీకోసం అన్నానమ్మా."

"నాకోసం ఎవరూ ఏమీ చెయ్యొద్దు. వాడూ నాకోసమే చేశానంటాడు, చూస్తూ ఉండు."

అన్నట్టే అన్నాడు. సెలవురోజు మధ్యాహ్నం అలవాటు ప్రకారం ఆమె ఇంటికి భోజనానికొచ్చి, కంచం ముందు కూర్చుని, "ఏంటక్కా, కూరలో ఉప్పు లేదు, నీ మొహంలో నవ్వు లేదు" అన్నాడు.

"మీ ఇస్త్రీ యంత్రం మీద ఒక పిల్లకి చెయ్యి కాలిందట."

వాడి కింది పెదవి పంటికింద దూరింది.

చిన్నప్పట్నుంచీ అది చూస్తూనే ఉంది. బిడియం అనుకుంది. నోట్లో నాలుక లేనివాడు, మాట రాక అలా చేస్తాడనుకుని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసింది. ఈసారి పెద్దమ్మ కళ్లతో చూసింది. మాట రాక కాదు. ఏ అబద్ధం అతుకుతుందో లోపల చూసుకుంటున్నాడు.

"ఎవరు చెప్పారు? అది ఇంట్లో కాలిందక్కా. వేడినీళ్లు ఒలికి. ఆసుపత్రిలో తనే చెప్పింది."

"పక్కన కూర్చుని ఎవరు చెప్పించారు?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. "నేను తీసుకెళ్లాను కాబట్టి చెయ్యి దక్కింది. ఇంకొకడైతే గేటు బయట వదిలేసేవాడు."

"మంచిది. యంత్రం ఎందుకు కాల్చింది?"

"చెయ్యి అడ్డం వస్తే యంత్రాన్ని ఆపేసే కడ్డీ ఒకటుంటుంది. మాటిమాటికీ ఆగి పని వెనకపడుతోందని పైవాళ్లు తీయించేశారు. నేను తీయలేదు."

"తీస్తుంటే చూశావు."

"చూడక ఏం చెయ్యమంటావ్? అడ్డం పడితే నన్నూ తీసేవాళ్లు. ఎవరికోసం చేస్తున్నా ఇదంతా? ఈ వయసులో నిన్ను మట్టి పిసకనివ్వకుండా కూర్చోబెడదామనే కదా."

"నేను మట్టే పిసుకుతాను. నువ్వు మనుషుల్ని పిసుకుతున్నావు." ఆమె గొంతు పెంచలేదు. "ఆసుపత్రికెళ్లి, లాండ్రీలోనే కాలిందని చెప్పు. నీ నోటితో చెప్పించావు, నీ నోటితోనే దిద్దు. ఆ పిల్లకి పని తిరిగొస్తుంది."

"నా పని పోతుంది. అప్పుడు నువ్వు పెడతావా నాకు?"

"పెట్టాను. నీకు మీసాలొచ్చేదాకా పెట్టాను. మళ్లీ పెడతాను."

వాడు చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ, "మీ గెంతులాటల వల్ల ఇంతవరకు ఏ గేటు తెరుచుకుందో చెప్పు" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర తిరిగి, "ఈసారి ఎవడి మొహం చేస్తున్నారేంటి?" అన్నాడు తేలిగ్గా.

"వచ్చి చూసుకో."

ఆ సాయంత్రమే గదికెళ్లి మట్టిమొహం మీద సబ్బునీళ్లు పూసి, కాగితాలు చింపడం మొదలుపెట్టింది. చింపినంతసేపూ పళ్లు నూరుతూనే ఉంది. జిగురులో ముంచి, ఒక వరస పాత పేపరు, ఒక వరస గోధుమరంగు కాగితం, మళ్లీ పేపరు, ఇలా రంగు మార్చుకుంటూ అంటించింది. అలా చేస్తే ఎక్కడ పొర తప్పిందో కంటికి తెలుస్తుంది. నీడలో ఆరబెట్టి, తర్వాత ఎండ చూపించి, మట్టి ఊడదీసింది. తమ్ముడి మొహం బోలుగా, తేలిగ్గా చేతిలోకొచ్చింది.

అప్పుడొచ్చింది అసలు కోపం. గెంతులాటలన్న మాట గుర్తొచ్చింది. ఒక్కో వేలూ తుడుచుకున్న తువ్వాలు గుర్తొచ్చింది. కాగితపు గుజ్జు తీసుకుని కనుబొమలు పైకి లేపింది. పెదవి కింద రెండు కోరలు దించింది. ముక్కుపుటాలు బుసకొట్టేలా పెంచింది. దూరంగా పెట్టి చూసుకుంది. రాక్షసుడు. కళ్లు చల్లబడ్డాయి.

పెద్దమ్మ రిహార్సలుకి వచ్చి ఆ కోరలు చూసి నోరు చప్పరించింది.

"ఇదెవరమ్మా?"

"వాడే."

"వీడైతే మా పిల్ల బండెక్కేదా? వీడు చెయ్యి పట్టుకుంటే కెవ్వున అరిచేది." పెద్దమ్మ వెళ్లి తన చోట కూర్చుంది.

మొహాలక్క ముసుగు వెనక్కి తెచ్చుకుంది. బాబాయ్ ముక్కు మార్చమంటే అంతెత్తున లేచింది. తను మాత్రం చేసిందేంటి? ఈ కోరలవాణ్ణి చూసి ఎవరైనా వీడెవడో అనుకుంటారు, మా తమ్ముడు కాదని తనూ హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. తన మీద తనకే ఒళ్లు మండింది. గుజ్జు ఇంకా పచ్చిగానే ఉంది. చాకు తీసుకుని కోరలు గీకేసింది. కనుబొమలు దించింది. పుటాలు చెక్కి, గరుకు కాగితంతో రుద్దింది. సుద్ద పూత పూసి, ఆరాక రంగు వేసింది. చామనచాయ, నున్నటి గడ్డం, పంటికింద పెదవి. నవ్వే బుగ్గలో సొట్ట నీడ కోసం సన్నకుంచెతో ఒక్క గీత. అన్నీ అయ్యేసరికి, ఎవరైనా నమ్మి చెయ్యి అందించే మొహం అయింది. దాన్ని చూస్తుంటే కోరలు చూసినప్పటికంటే ఎక్కువ మండింది. ఈసారి ఆ మంటను దేనికీ పులమలేదు.

నాటకం లాండ్రీ గేటు ఎదురుగా, పని మారే వేళకు పెట్టారు. కండక్టర్ ముగ్గుపిండితో రోడ్డు పక్కన గుండ్రంగా గీత గీశాడు. అదే వాళ్ల రంగస్థలం. గేటు లోపల ఆవిరి గొట్టాలు బుసకొడుతున్నాయి. గేటు పక్క కిటికీలో సూపర్వైజర్ల గది దీపం వెలుగుతోంది.

బృందంలో ఇంకో పద్ధతి ఉంది. కాల్చినవాడి ముసుగు కాలినవాళ్లే తొడుక్కోవాలి. ఇస్త్రీ పిల్ల వచ్చి మొహాలక్క ముందు నిలబడింది. సంచిలోంచి ముసుగు తీసి ఇస్తే, కట్టులేని చేత్తో అందుకుని అటూఇటూ తిప్పి చూసింది.

"కోరలున్నాయందే పెద్దమ్మ."

"తీసేశాను."

"మంచిపని చేశావు. కోరలుంటే అందరూ నవ్వేస్తారు." కాసేపు ఆ సొట్ట కేసి చూసింది. "ఎలా చేస్తావక్కా, చూడని మనిషిని ఇంత అచ్చంగా?"

పేరు చెప్పకూడదు. మొహాలక్క పేరు చెప్పలేదు.

"చూశాను. నేను పెంచిన మొహమే అది. మా తమ్ముడు."

పిల్ల ముసుగు మీంచి కళ్లెత్తి ఆమెను చూసింది.

"తెలిసీ చేశావా?"

"మీరు వీడే అన్నాక ఇంకేం చెయ్యను? చెప్పి చూశాను, దిద్దమన్నాను. దిద్దడట. ఇటు తిరుగు, ఒంటిచేత్తో నువ్వు కట్టుకోలేవు."

పిల్ల మెల్లగా తిరిగింది. ముసుగు మొహానికి పెట్టుకుంది. మొహాలక్క లోపల నుదుటి దగ్గర దూది సర్ది, తాళ్లు రెండూ చెవుల మీదుగా వెనక్కి తీసింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది."

"బిగువుందా?"

"ఇంకొంచెం లాగక్కా. మధ్యలో ఊడిపోకూడదు."

ఇంకొంచెం లాగింది. గేటు లోపల పని ముగిసిన సైరన్ మోగింది. బాబాయ్ ఈల నోట పెట్టుకుని ఆమె కేసి చూశాడు. ఆమె రెండోముడి కూడా వేసి, మిగిలిన తాడు కొస లోపలికి దోపి, పిల్ల భుజం తట్టి గీత లోపలికి పంపించింది.